ఆవాల దిండూ, అమెరికా హెల్మెట్టూ

తల గుండ్రంగా రావాలని పసివాళ్ళకు పెట్టే ఆవాల దిండు సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. మెత్తని పాత పంచె గుడ్డ, లోపల వదులుగా ఆవాలు, గింజ బయటికి రాకుండా దగ్గర దగ్గరగా కుట్టు. తల ఎటు ఒరిగితే అటు ఆవాలు జారి గుంట పడుతుంది. అదే పనికి అమెరికాలో పెట్టే హెల్మెట్టుకు అంత మెతకదనం లేదు. పసివాడి తలను స్కాన్ చేసి, ఆ కొలతకు తయారుచేసిన ప్లాస్టిక్ చిప్ప అది. తల ఉబ్బిన చోట ఆనుతుంది, చదునైన చోట ఖాళీ వదులుతుంది. రోజుకు 23 గంటలు, నెలల తరబడి పెట్టుకోవాలి. చెమట, వాసన, బయట అంటించిన బొమ్మలు అదనం. పెరిగే పుర్రెకు చోటిస్తే గుండ్రదనం దానంతటదే వస్తుందన్న నమ్మకం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.

దిండు ఎప్పుడు పుట్టిందో ఎవరూ రాసిపెట్టలేదు. హెల్మెట్టు గురించి 1979లో సియాటిల్ వైద్యుడు స్టెర్లింగ్ క్లారెన్ రాశాడు. దానికి గిరాకీ తెచ్చింది మాత్రం వేరే కథ. పసివాళ్ళను బోర్లా పడుకోబెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1992లో చెప్పింది. 1994లో అదే దేశవ్యాప్త ప్రచారమైంది. నిద్రలో ఉన్నట్టుండి పోయే శిశువుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది, తలలు వెనక చదునయ్యాయి. ఇంతకంటే చవక బేరం ఉంటుందా? మన ఇళ్ళలో వెల్లకిలా పడుకోబెట్టడం పాత అలవాటే, అలాగే సొట్టతల బెంగా పాతదే.

ఎవరికి సొట్ట పడుతుందంటే వైద్యుడి దగ్గర జాబితా ఉంది: తొలిచూలు, మగపిల్లాడు, కవలలు, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, వాక్యూమ్‌తోనో ఫోర్సెప్స్‌తోనో తీసినవాళ్ళు, ఎప్పుడూ ఒకే చేతి మీద సీసాపాలు తాగేవాళ్ళు. అమ్మమ్మ దగ్గర ఒక్క మాటే ఉంది: "ఎప్పుడూ ఒక పక్కకే పడుకోబెట్టకే, సొట్టపోతుంది." జాబితాలో చివరిదానికి ఈ మాట దగ్గరే. ఆవిడ మాటలో లేనిది మెడ. వాడికి కిటికీ వెలుగంటే ఇష్టం, అటే చూస్తాడని ఆవిడ మురిసిపోతుంది. వైద్యుడు మెడ పట్టి రెండు వైపులా తిప్పి చూసి, ఒక పక్క కండరం బిగుసుకుందంటాడు. అక్కడ నేను వైద్యుడి వైపే.

ఆవిడకు ముందే తెలిసిందీ ఒకటుంది. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దల కళ్ళెదుట పసివాణ్ణి బోర్లా ఉంచాలని, ఏడో వారం నాటికి అది రోజు మొత్తమ్మీద 15 నుంచి 30 నిమిషాలు కావాలని అకాడమీ 2022లో చెప్పింది. కాళ్ళు చాపుక్కూచుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, వీపుకు నూనె రాసి నలుగు పెట్టే అమ్మమ్మ చేసేదీ ఆ పనే. ఇక బోర్లాపడితే బొబ్బట్లు పంచే జాతి మనది.

పరీక్షకు నిలబెడితే రెండు వస్తువులూ తడబడ్డాయి. తల ఆకారం దిద్దుతామనే దిండ్లు వాడొద్దని, ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. ఆవాల దిండుకూ ఇది వర్తిస్తుంది. మంచం పక్కనే మనిషి కూచునే ఇల్లు వేరు, రాత్రి గదిలో బిడ్డ ఒంటరిగా నిద్రపోయే ఇల్లు వేరు. హెల్మెట్టు వంతు 2014లో వచ్చింది. నెదర్లాండ్స్‌లో 84 మంది పసివాళ్ళలో కొందరికి హెల్మెట్ పెట్టి, కొందరిని అలా వదిలేసి చూస్తే, రెండేళ్ళ వయసుకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మెడ నిలిచి, పాకి, కూచున్నాక తల దానంతటదే చాలావరకు సర్దుకుంటుంది. డల్లాస్‌కు పురుడు పోయడానికి దిండు పెట్టెలో సర్దుకెళ్ళిన అమ్మమ్మా, వేల డాలర్లు పోసి హెల్మెట్ చేయించిన అల్లుడూ తల సర్దుకున్న ఘనతను చెరిసగం పంచుకుంటున్నారు.

పుర్రె ఎముకల అతుకు ముందే మూసుకుపోయిన తల మాత్రం వేరు. అది దానంతటదే సర్దుకోదు, నెలలు గడిచేకొద్దీ వంకర ముదురుతుంది, అతుకు వెంట గట్టులా చేతికి తగులుతుంది. రోజూ మాడుకు ఆముదం పెట్టే వేళ్ళకు ఆ గట్టు అందరికంటే ముందు తెలియొచ్చు. తెలిసిన రోజే స్కాన్‌కూ, శస్త్రవైద్యుడి దగ్గరికీ వెళ్ళాలి.