ప్రాథమిక తరగతిలో తెలుగు బోధన - సాంకేతిక సాధనాలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రాథమిక తరగతుల్లో సాంకేతిక సాధనాల వినియోగంపై జరిగే చర్చ తరచుగా ఎన్ని పరికరాలు అందాయన్న లెక్క దగ్గరే ఆగిపోతుంది. విద్యార్థి నేర్చుకునే క్రమంలో ఆ పరికరం చేస్తున్న పని ఏమిటన్న ప్రశ్న వెనుకబడుతుంది. తొలి తరగతుల్లో తెలుగు చదవడం, రాయడం నేర్పే సందర్భాన్ని ఆధారంగా తీసుకొని, 1975 నాటి ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం నుంచి నేటి ట్యాబుల వరకు వచ్చిన సాధనాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెర పిల్లలకు చూపగలిగినంత బాగా పిల్లల మాటను వినలేదనీ, ఒక్కొక్క విద్యార్థి చదువును వినడానికి ఉపాధ్యాయులకు కావలసిన సమయాన్ని సమకూర్చినప్పుడే సాధనం సార్థకమవుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రాథమిక విద్య, తెలుగు పఠనం, గుణింతాలు, ఒత్తులు, సైట్ ప్రయోగం, దీక్ష, మాండలికం.

1. ఉపోద్ఘాతం

బడికి సాంకేతికత కొత్తగా వచ్చినది కాదు. వీధిబడిలో ఓనమాలు దిద్దించిన ఇసుక, ఆ తరువాతి పలకాబలపం, నల్లబల్ల, అచ్చుపుస్తకం ఇవన్నీ ఆయా కాలాల బోధన సాధనాలే. వీటిలో పలకకు ఒక విశిష్టత ఉంది. దానిమీద విద్యార్థి రాస్తాడు. ఉపాధ్యాయుడు అక్కడికక్కడే చూస్తాడు. తప్పయితే అరచేత్తో తుడిచి మళ్లీ రాయిస్తాడు. తప్పు నిలిచి ఉండదు కనుక భయమూ నిలవదు. విద్యార్థి చేసే పని, ఉపాధ్యాయుని పరిశీలన, వెంటనే దిద్దుబాటు - ఈ మూడూ ఒకేచోట కలవడమే పలక బలం. కొత్త సాధనం ఏదైనా ఈ మూడింటిలో దేనికి, ఎంతవరకు తోడ్పడుతున్నదన్నదే దాని విలువను తేల్చే ప్రమాణం. ధర, వేగం, తెర వెడల్పు ఆ తరువాతి సంగతులు.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత ముఖ్యమైనది. 2020 జాతీయ విద్యావిధానం పునాది అక్షరాస్యతకూ సంఖ్యాజ్ఞానానికీ అగ్రస్థానం ఇచ్చింది. దానికి కొనసాగింపుగా 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం, 3వ తరగతి ముగిసేసరికి పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవగలగాలనే లక్ష్యాన్ని 2026-27 నాటికి చేరాలని నిర్దేశించింది. తెలంగాణలో 2022లో 'తొలిమెట్టు' ఇదే ఉద్దేశంతో మొదలైంది. అదే కాలంలో తరగతి గదుల్లోకి తెరలు కూడా వచ్చాయి. ఈ రెండింటికీ మధ్య సంబంధాన్ని పరీక్షించవలసి ఉంది.

2. తెలుగు లిపి విద్యార్థిని అడిగే పని

తెలుగు చదవడం నేర్చుకోవడమంటే అక్షరాల పేర్లు గుర్తుపెట్టుకోవడం మాత్రమే కాదు. 'క', 'ఇ' విడివిడిగా తెలిసిన విద్యార్థికి 'కి' తనంతట తాను తెలియదు. హల్లు మీద తలకట్టు పోయి గుడి వచ్చిందనీ, ఆ మార్పుతో ధ్వని మారిందనీ గ్రహించాలి. ఒత్తుల దగ్గర కష్టం ఇంకా పెరుగుతుంది. 'భక్తి' అనే మాటలో గుడి 'క' మీద కనిపిస్తుంది, ఇకారం మాత్రం కింద ఉన్న తకారం తరువాత పలుకుతుంది. కంటికి కనిపించే వరుస వేరు, చెవికి వినిపించే వరుస వేరు. అందుకే ఈ మాటను 'భకిత' అని చదివే పిల్లలుంటారు. 'త, న, మ, య, ర, ల' వంటి హల్లులకు ఒత్తుగా వచ్చేసరికి రూపమే మారిపోతుంది. 'ప, వ, మ' లను వేరుచేసే గీతలు చాలా చిన్నవి.

ఈ తప్పుల్లో ఏ విద్యార్థి ఏది చేస్తున్నాడన్నది విద్యార్థి గట్టిగా చదివినప్పుడే బయటపడుతుంది. తరగతి మొత్తం ఏకకంఠంగా చదివితే తెలియదు. 2005 నుంచి వెలువడుతున్న అసర్ నివేదికల పరీక్ష ఈ సూత్రం మీదనే నడుస్తుంది. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అచ్చయిన కాగితాన్ని ఒక్కొక్క పిల్లవాడి చేతికిచ్చి చదివించి వింటారు. గ్రామీణ భారతంలో పిల్లల పఠన స్థాయిని దేశం ముందుంచిన ఆ సాధనానికి కావలసినవి ఒక కాగితం, వినే ఒక మనిషి.

3. ప్రసార సాధనాలు: ఒకే వేగం, ఒకే దిక్కు

తెలుగు పల్లె బడికి తెర తొలిసారి పెద్దఎత్తున చేరింది సైట్ ప్రయోగంతో. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో, ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఉదయం బడిపిల్లలకు కేటాయించిన గంటన్నరను హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు భాషలు పంచుకున్నాయి. అంటే ఒక్కొక్క భాషకు సుమారు 22 నిమిషాలు. తన ఊరు దాటని పిల్లలకు లోకాన్ని చూపడంలో ఆ కొద్ది నిమిషాలకు విలువ లేకపోలేదు. కాని ఆ పాఠం ఆగదు, వెనక్కు రాదు, అడిగితే బదులివ్వదు. ఐదేళ్ల పసివాడికీ పన్నెండేళ్ల పిల్లకూ అది ఒకే వేగంతో సాగిపోతుంది.

అదే ప్రయోగంలో భాగంగా ప్రాథమిక ఉపాధ్యాయులకు సెలవుల్లో విజ్ఞానశాస్త్ర బోధనపై శిక్షణ కూడా ఇచ్చారు. అందులో టెలివిజన్ ఒంటరిగా పనిచేయలేదు. ప్రసారానికి తోడు ముద్రిత సామగ్రి, చేసి చూసే కృత్యాలు, చర్చ ఉన్నాయి. చూపే పని తెరది, చేయించే పని మనిషిది అన్న విభజన అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

సుమారు 45 సంవత్సరాల తరువాత, కోవిడ్ కాలంలో ప్రసారమే మళ్లీ దిక్కయింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. అవి 3వ తరగతి నుంచి పైవారికి. అక్షరాలతో తొలి పరిచయం జరిగే 1, 2 తరగతులు ఆ ఏర్పాటులో లేవు. చదవడం వచ్చిన విద్యార్థికి ప్రసారం కొంత ఉపయోగపడవచ్చు. చదవడం నేర్చుకుంటున్న విద్యార్థికి ఎదురుగా ఒక మనిషి కావాలి. ఈ తేడాను ఆ కాలం తేటతెల్లం చేసింది.

4. క్యూఆర్ కోడ్ నుంచి ట్యాబు దాకా

2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ఆవిష్కరించిన 'దీక్ష' వేదిక ప్రసారానికి ఉన్న ఒక లోపాన్ని సరిదిద్దింది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చదివిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకుంటుంది. ఎప్పుడు చూడాలో, ఎక్కడ ఆపాలో చూసేవారి చేతిలో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 'నాడు-నేడు' కింద పై తరగతుల గదులకు పెద్ద స్పర్శతెరలు, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంపిణీ అయ్యాయి.

ఈ సాధనాలన్నీ చూపడాన్ని మెరుగుపరిచాయి. వీటివల్ల విద్యార్థి చేతికి, నోటికి పని పెరిగిందా అన్నది వేరే ప్రశ్న. స్పర్శతెర మీద 'భక్తి' అని టైపు చేసే పద్ధతిని ఉదాహరణగా తీసుకోవచ్చు. 'భ' తరువాత క, పొల్లు, త, గుడి అనే వరుసలో మీటలు నొక్కుతారు. యంత్రం వాటిని కలిపి అక్షరరూపం ఇస్తుంది. ఇది చేతిరాతకు ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే ఆకారాన్ని కూర్చేది విద్యార్థి కాదు. అయితే ఇందులో ఒక మేలు దాగి ఉంది. కంటికి కనిపించే వరుస వెనుక ఉన్న ధ్వని వరుసను అది బయటపెడుతుంది. ఉపాధ్యాయుడు ఒక్కొక్క మీటనూ ఆగి నొక్కి, ఆ ధ్వనిని పిల్లలతో పలికించి, తరువాత అదే మాటను పలకల మీద రాయిస్తే, నల్లబల్ల అంత సులభంగా చేయలేని పనిని తెర చేసినట్లవుతుంది. అదే తెర మీద గుణింతాల పాట వరుసగా నడిచిపోతే పిల్లలు పాట నేర్చుకుంటారు. గుణింతం నేర్చుకున్నారో లేదో ఎవరికీ తెలియదు.

5. అధ్యయనాలు చెబుతున్నది

భారతదేశంలో జరిగిన కొన్ని అధ్యయనాలు ఈ విషయంలో జాగ్రత్తగా చదవదగినవి. గుజరాత్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే పాఠశాలల్లో 2, 3 తరగతుల పిల్లలకు గణితం నేర్పే కంప్యూటర్ కార్యక్రమాన్ని లీ లిండెన్ పరిశీలించారు. బడివేళల్లో, ఉపాధ్యాయుల బోధనకు బదులుగా దాన్ని వాడినచోట పిల్లల ఫలితాలు తగ్గాయి. బడి అయిన తరువాత అదనంగా వాడినచోట, ముఖ్యంగా వెనుకబడిన పిల్లల్లో, మెరుగుదల కనిపించింది. కార్యక్రమం ఒక్కటే, అది ఆక్రమించిన స్థానం వేరు. వడోదరలో 4వ తరగతి పిల్లలకు వారానికి 2 గంటల చొప్పున గణిత ఆటలు ఆడించిన ప్రయోగం (2007లో ప్రచురితం) మంచి ఫలితాన్ని చూపింది. ఏడాది తరువాత చూస్తే ఆ లాభంలో పెద్దభాగం కరిగిపోయింది.

ఢిల్లీలో 6 నుంచి 9 తరగతుల వారిపై కార్తీక్ మురళీధరన్ తదితరులు చేసిన అధ్యయనం (2019లో ప్రచురితం) మరొక కోణం చూపుతుంది. విద్యార్థి ఉన్న తరగతిని బట్టి కాక, అతని వాస్తవ స్థాయిని గుర్తించి ప్రశ్నలిచ్చే కార్యక్రమం గణితంలోనూ హిందీలోనూ గణనీయమైన ప్రగతి సాధించింది. ఆ కేంద్రాల్లో కంప్యూటర్ ముందు గడిపిన సమయంతో పాటు చిన్న బృందాలకు మనుషుల సాయం కూడా ఉన్నదని మరువరాదు. దీనికి విరుద్ధంగా, పెరూ దేశపు గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ల్యాప్‌టాప్‌లు పంచిన పథకాన్ని పరిశీలించినవారికి గణితంలో గాని, భాషలో గాని చెప్పుకోదగిన లాభం కనిపించలేదు. వీటిని కలిపి చూస్తే, పరికరం ఉండటం వల్ల కాక, విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడో గుర్తించడం వల్ల చదువు ముందుకు సాగుతుందని అర్థమవుతుంది.

6. వినే యంత్రం, పలికే యాస

ఇటీవలి సాధనాలు వినడానికి కూడా ప్రయత్నిస్తున్నాయి. గూగుల్ సంస్థ 2019లో హిందీ, ఇంగ్లీషులతో 'బోలో' పేరిట ప్రారంభించి, తరువాత తెలుగు వంటి భాషలకు విస్తరించి, 'రీడ్ అలాంగ్'గా పేరు మార్చిన యాప్‌లో విద్యార్థి గట్టిగా చదివితే యంత్రం విని సరిదిద్దుతుంది. ఈ దిశ సరైనదే. కాని ఇక్కడ తెలుగుకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. పుస్తకంలో 'వచ్చాడు' అని ఉంటే తెలంగాణ విద్యార్థి 'వచ్చిండు' అని, రాయలసీమ విద్యార్థి 'వచ్చినాడు' అని చదవవచ్చు. ఇవి చదవలేకపోవడం వల్ల వచ్చిన తప్పులు కావు. అర్థం గ్రహించి ఇంటిమాటలో చెప్పడం వల్ల వచ్చిన మార్పులు. 'ధనం' అన్నది 'దనం' అని పలికితే అది చాలా ఇళ్లలోని సహజోచ్చారణ. 'భక్తి'ని 'భకిత' అనడం మాత్రం నిజమైన తడబాటు. ఆ ఊరి ఉపాధ్యాయుడు ఈ తేడాను క్షణంలో పసిగడతాడు. ఒకే ప్రామాణిక ఉచ్చారణతో పోల్చే యంత్రం రెండింటినీ తప్పుగానే లెక్కించే ప్రమాదం ఉంది. తన మాటే తప్పని రోజూ వినే విద్యార్థి క్రమంగా నోరు విప్పడం మానేస్తాడు.

గిరిజన ప్రాంతాల్లో ఈ సమస్య మరింత లోతైనది. సవరల భాష నేర్చుకొని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు నడిపిన గిడుగు రామమూర్తి శతాబ్దం కిందటే దీనికి దారి చూపారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్య సవర, కోయ, గోండి, కొలామి, కువి మొదలైన 8 భాషలను తరగతిలోకి తెచ్చింది. ఈ భాషల్లో కథలు, మాటలు, పాటలు రికార్డు చేసి తరగతికి అందించడం ఫోను చేయదగిన పని. అందుకు ముందు ఆ భాషలు మాట్లాడేవారిని పిలిచి వినాలి.

7. ఆచరణకు కొన్ని సూచనలు

ఒకరిద్దరు ఉపాధ్యాయులే 5 తరగతులనూ చూసుకునే ప్రాథమిక పాఠశాలలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. సాంకేతికత నిజంగా అక్కరకు వచ్చేది అక్కడే. 4, 5 తరగతుల పిల్లలు తెర మీద ఒక విజ్ఞాన పాఠం చూస్తూ, దాని గురించి రాసే పనిలో ఉన్న 20 నిమిషాల్లో, 1, 2 తరగతుల పిల్లల్లో నలుగురి చదువును ఉపాధ్యాయుడు విడివిడిగా వినగలడు. అప్పుడు తెర ఉపాధ్యాయుని స్థానాన్ని ఆక్రమించదు. ఆయన చెవులకు తీరిక కల్పిస్తుంది.

ఫోను మరొక విధంగానూ ఉపకరిస్తుంది. ఒక విద్యార్థి ఒక పేరా చదివినప్పుడు రికార్డు చేసి, నెల తరువాత అదే పేరా మళ్లీ చదివించి, రెండూ అతనికే వినిపిస్తే తన ప్రగతి తనకే తెలుస్తుంది. ఆ స్వరాలు బడి దాటి పోకుండా చూసుకోవడం, అవసరం తీరగానే తొలగించడం కూడా బోధనలో భాగమే. ఉపాధ్యాయ శిక్షణలో సైతం పరికరాన్ని నడిపే పద్ధతికంటె, ఏ క్షణంలో దాన్ని ఆపి పిల్లలతో మాట్లాడించాలన్నది ప్రధానాంశం కావాలి. ప్రతి వీడియో పాఠంతో పాటు 'ఇక్కడ ఆపండి, ఈ ప్రశ్న అడగండి' అనే సూచనలు ఉపాధ్యాయులకు అందితే ఆ పాఠాల విలువ పెరుగుతుంది.

8. ముగింపు

ప్రాథమిక తరగతిలో సాంకేతికత అవసరమా అనవసరమా అన్న వాదం ఫలితం లేనిది. తెరలు వచ్చాయి, ఇంకా వస్తాయి. సైట్ నుంచి ట్యాబు దాకా చూపే శక్తి ఎంతో పెరిగింది. వినే ఏర్పాటు మాత్రం ఆ మేరకు పెరగలేదు. పథకాల సమీక్షల్లో ఎన్ని పరికరాలు ఇచ్చారు, ఎన్ని గంటలు వాడారు అన్న అంకెల పక్కన ఇంకొక అంకె చేరాలి: ఈ వారం ఎంతమంది పిల్లలు ఒక్కొక్కరుగా చదువుతుండగా ఉపాధ్యాయులు విన్నారు? ఆ అంకెను పెంచే సాధనం ఖరీదైనదైనా సమర్థనీయమే. ఆ అంకెను తగ్గించే సాధనాన్ని ఉచితంగా ఇచ్చినా, దాని మూల్యాన్ని చెల్లించేది చదవడం రాకుండానే పై తరగతికి వెళ్లే విద్యార్థి.