వంశచిహ్నంలో దాగిన మనిషి

ఇంగ్లండులోని పాత పల్లె చర్చిలలో, ఒక మూల మీద నిలబెట్టిన చదరం లాగా నల్లని చట్రంలో బిగించిన వర్ణచిత్రాలు నేటికీ గోడల మీద కనిపిస్తాయి. హ్యాచ్‌మెంట్లు అని పిలిచే ఈ చిత్రాలలో మరణించిన వ్యక్తి వంశచిహ్నం, అంటే డాలు మీద నియమిత రంగులతో, ఆకృతులతో వేసిన వారసత్వ గుర్తు ఉంటుంది. మృతుని ఇంటి ముందు కొన్ని నెలలు వేలాడదీసి, తరువాత చర్చికి తరలించే ఈ ఆచారం 17వ శతాబ్దం తొలినాళ్లలో నెదర్లాండ్స్ వైపు నుంచి అక్కడికి చేరింది. వీటిలో చాలావాటి మీద పేరు ఉండదు. వంశ నినాదానికి బదులు, తిరిగి లేస్తానని అర్థమిచ్చే ‘రెసర్గామ్’ అనే లాటిన్ మాట ఒక్కటే తరచూ ఉంటుంది. అందువల్ల చర్చి నుంచి విడివడి పాత వస్తువుల అంగడికి చేరిన చిత్రం ఎవరిదో తేల్చాలంటే చిత్రాన్నే చదవాలి.

తెలుగునాట ఒకే ఇంటిపేరు గలవారందరూ ఒకే గోత్రం వారు కానట్టే, ఇంగ్లండులోనూ ఒకే ఇంటిపేరు గలవారందరికీ ఒకే చిహ్నం ఉండదు. చిహ్నంపై హక్కు దాన్ని పొందిన వ్యక్తికి, ఆయన సంతతికి చెందుతుందే తప్ప ఇంటిపేరుకు చెందదు. కనుక అమ్మకందారు అంటించిన ఇంటిపేరును చివరి సాక్ష్యంగానే స్వీకరించాలి. పరిశోధకునికి తొలి ఆధారం 1874లో వెలువడిన పాప్‌వర్త్ నిఘంటువు. అందులో చిహ్నాలు ఇంటిపేర్ల క్రమంలో కాక ఆకృతుల క్రమంలో ఉండడం వల్ల, సింహాన్నో అడ్డపట్టీనో చూసి దాన్ని ధరించిన కుటుంబాల పేర్లకు చేరవచ్చు. అయితే ఒక్క సింహానికే ఎన్నో కుటుంబాలు తేలతాయి.

ఆ జాబితాను వడకట్టేది వివాహం. డాలును నిలువుగా రెండు భాగాలు చేసినప్పుడు, చూసేవారికి ఎడమవైపు భర్త చిహ్నం, కుడివైపు భార్య పుట్టింటి చిహ్నం ఉంటాయి. భార్య అన్నదమ్ములు లేని వారసురాలైతే ఆమె చిహ్నం భర్త డాలు నడుమ చిన్న డాలుగా నిలుస్తుంది. రెండు వైపులా దొరికిన పేర్లను వంశవృక్షాలతో సరిచూసినప్పుడు, ఆ రెండు ఇళ్లను కలిపిన పెళ్లి తరచూ ఒక్కటే మిగులుతుంది. ఆపై నేపథ్యం మరణవార్తను చెబుతుంది: భర్త వైపు నలుపు, భార్య వైపు తెలుపు ఉంటే భార్య బతికి ఉండగా భర్త పోయాడని, అందుకు విరుద్ధంగా ఉంటే భార్య ముందు పోయిందని, నేపథ్యమంతా నల్లగా ఉండి చిహ్నం డాలుకు బదులు వజ్రాకారంలో ఉంటే మృతురాలు వితంతువో అవివాహితో అని అర్థం. డాలులో చిన్న తెల్లని గడిలో ఎర్రని అరచేయి ఉంటే అది సాధారణంగా బారొనెట్ బిరుదుకు గుర్తు. ఆ బిరుదు 1611లో మొదలైంది కనుక చిత్రం అంతకు ముందుది కాదని కూడా తెలుస్తుంది. పేరు చెప్పకుండానే ఒక దాంపత్యాన్నీ, అందులో ముందు ఎవరు పోయారో కూడా ఇంత స్పష్టంగా తెలిపే చిత్రకళ అరుదు, ఆ ఘనత దీనికి దక్కాలి.

రంగుల విషయంలో మాత్రం కంటిని వెంటనే నమ్మరాదు. వెండిరేకు కాలక్రమంలో నల్లబడుతుంది. నీలం, పసుపెక్కిన వార్నిష్ కింద ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇక్కడ పాత నియమం ఒకటి సాయపడుతుంది: బంగారు, వెండి వర్ణాలను లోహాలుగా, ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ వంటివాటిని రంగులుగా విభజించి, లోహంపై లోహాన్ని, రంగుపై రంగును వేయకూడదన్నారు. కనుక నలుపు మీద ఎరుపు కనిపిస్తే, కొద్దిపాటి మినహాయింపులు పోగా, ఆ నలుపు ఒకప్పటి వెండి కావచ్చునని ముందుగా అనుమానించాలి. ఒక్క రంగును పొరపడితే నిఘంటువులో వేరొక కుటుంబం ఎదురవుతుంది.

పీటర్ సమ్మర్స్ ప్రారంభించి సంపాదకత్వం వహించిన పది సంపుటాల ‘హ్యాచ్‌మెంట్స్ ఇన్ బ్రిటన్’లో ఇటువంటి చిత్రాల వివరాలు కౌంటీల వారీగా నమోదయ్యాయి, చిత్రం ఏ చర్చి నుంచి వచ్చిందో తెలిస్తే వెతుకులాట ఎంతో తగ్గుతుంది. అందుచేత ఇటువంటి చిత్రం చేతికి వచ్చినవారు దాన్ని శుభ్రం చేయించక ముందే ముందువైపును, వెనుకవైపును, చట్రాన్ని ఫొటో తీయించాలి. వెనుక అంటిన పాత చీటీని, చట్రం మీది గీతను చెరిపివేయరాదు.