వినికిడి యంత్రము: అందరికీ ఒకే కొలతా?

వినికిడి యంత్రమును ఎట్లు అమర్చిన మాట బాగుగా తెలియును? డేవిస్, స్టీవెన్స్ మొదలగువారు హార్వర్డులో జరిపిన ఈ విచారణ 1947లో గ్రంథరూపమున వెలువడినది. చెవికి ఏ స్వరము ఎంత తక్కువగా వినబడునో దానిని అంతకంతగా పెంచవలెనన్న వాదమొకటి అప్పటికే ఉండెను. గ్రంథకర్తలు పదముల పట్టికలు వినిపించి, శ్రోతలు ఎన్ని సరిగా చెప్పగలిగిరో లెక్కించి, ఆ వాదమును త్రోసిపుచ్చిరి. అన్ని స్వరములను సమానముగానో, లేదా కంపనసంఖ్య రెట్టింపైనప్పుడెల్ల 6 డెసిబెళ్ల చొప్పున హెచ్చించియో వినిపించిన దాదాపు అందరికీ చాలునని తేల్చిరి.

ఊహతో తృప్తిపడక కొలిచి చూచుట మెచ్చదగినదే. ఆ ‘దాదాపు అందరికీ’ అన్న మాటే మింగుడుపడదు. తీవ్రమైన వినికిడి లోపము గలవారి సంగతి వేరు. సెకనుకు 2000 కంపనముల వద్ద 95 డెసిబెళ్ల ధ్వని కూడ వినబడని చెవిని తీసికొనుడు. అందు ఆ స్వరములను గ్రహించు కణములు చాలవరకు నశించి ఉండవచ్చును. అచ్చట ధ్వనిని పెంచిన మోత పెరుగును గాని, ‘స’కును ‘ష’కును భేదము తెలియదు. ఆస్ట్రేలియాలో డెనిస్ బిర్న్ బృందము 1990లో ప్రకటించిన పరిశీలనలో, ఇట్టివారికి హెచ్చుస్వరములను తగ్గించి మంద్రస్వరములను మరింత పెంచిన అమరికయే నచ్చినది. ఇందులో వింత లేదు. అచ్చుల బలమంతయు, ‘పాట’ను ‘బాట’ చేయు కంఠనాదమును అక్కడనే గదా ఉన్నవి!

ఇంకొకటి. హార్వర్డువారి పట్టికలు ఆంగ్లపదములవి. అచ్చుతో ముగియు మన మాటలకు ఆ ఫలితములను అన్వయింపబూనువారు మరల కొలిచి చూడక తప్పదు.