పుట్టిల్లు పోతుందన్న వాదం

పోయిన వేసవిలో మా పెదమామయ్య కూతురి పెళ్లి కుదిరింది. మా అమ్మ పుట్టిల్లు గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. లగ్నపత్రిక రాసుకున్న మర్నాడు మామయ్య కొన్ని స్టాంపు కాగితాలు తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టారు. హక్కు విడుదల పత్రం. కట్నం, బంగారం, టౌన్లో ఇంటిస్థలం ముట్టాయి కాబట్టి ఉమ్మడి ఆస్తిలో తనకిక ఏ హక్కూ లేదని పెళ్లికూతురు సంతకం చెయ్యాలి. ఆ అమ్మాయి పెన్ను కోసం వెతుక్కుంటోంది. నేను ఆగమన్నాను.

మామయ్య కోప్పడలేదు. నెమ్మదిగా మూడు మాటలన్నారు. "చట్టం వచ్చి ఇరవయ్యేళ్లయింది కదమ్మా, మనూళ్లో ఏ ఆడపిల్ల వాటా తీసుకుందో చెప్పు" అన్నది మొదటిది. "తీసుకున్నచోట అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు, చివరికి నష్టపోయింది ఆడపిల్లే" అన్నది రెండోది. మూడోది అందరి గుండెల్లో గుచ్చుకునేలా అన్నారు. "రేపు దీనికేదైనా కష్టమొస్తే వచ్చి తలదాచుకోవడానికి ఒక ఇల్లుండాలి. ఆ ఇంటినే ముక్కలు చేద్దామంటావా?"

నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. వాదనలు, ఉపన్యాసాలు, వాటి అలంకారాలు నా పరిశోధనలో భాగం. అయినా ఆ క్షణాన నా నోట్లోంచి వచ్చిన జవాబు ఒక్కటే. "మీది ఫ్యూడల్ ఆలోచన మామయ్యా." అందరూ మౌనమైపోయారు. గెలిచాననుకున్నాను. వంటింట్లోకి వెళ్లాక అమ్మ గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండా అంది. "ఆయన్ని తిట్టావు గానీ, ఆయన అడిగిన దానికి జవాబు చెప్పలేదే!"

ఈ వ్యాసం ఆ మాటకు నేను వెతుక్కున్న జవాబు.

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1991లో 'ది రిటోరిక్ ఆఫ్ రియాక్షన్' అనే చిన్న పుస్తకం రాశాడు. 1915లో బెర్లిన్‌లో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని, చివరికి అమెరికాలో స్థిరపడినవాడు. ఫ్రెంచి విప్లవం, ఓటు హక్కు విస్తరణ, సంక్షేమ రాజ్యం అనే మూడు సందర్భాల్లో, రెండు వందల ఏళ్ల కాలంలో, మార్పును వ్యతిరేకించినవాళ్లు ఏమేం మాట్లాడారో చదివి, వాటి వెనక మూడే మూడు వాదనలున్నాయని తేల్చాడు. ఒకటి, మీరు చేసే మార్పు బెడిసికొడుతుంది, ఎవరికి మేలు చేద్దామనుకున్నారో వాళ్లకే కీడు చేస్తుంది. రెండు, మీ మార్పు వృథా, పైపైన గీతలు తప్ప లోపల ఏమీ మారదు. మూడు, మీ మార్పు మనకిప్పటికే ఉన్న ఒక మంచిని ప్రమాదంలో పడేస్తుంది. స్త్రీల ఆస్తిహక్కు ఆ పుస్తకానికి కేంద్రం కాదు. కానీ ఆ మూడు వాదనలూ చదువుతున్నప్పుడు నాకు మా మామయ్య గొంతు వినబడింది. ఆయన ఆ పుస్తకం పేరైనా విని ఉండరు. ఎవరూ నేర్పకుండానే మూడింటినీ ఒకే సాయంత్రం అప్పజెప్పారు!

ఆయనకి అవి ఎక్కణ్ణుంచి వచ్చాయి? మన దేశంలో వాటికి పెద్ద చరిత్రే ఉంది. హిందూ కోడ్ బిల్లు మీద రాజ్యాంగ సభలోనూ, ఆ తర్వాత తాత్కాలిక పార్లమెంటులోనూ, బయట సభల్లోనూ జరిగిన చర్చలు తిరగేస్తే అవే మాటలు. అంతకుముందు 1944 నుంచి బి.ఎన్.రావు కమిటీ ఊరూరూ తిరిగి అభిప్రాయాలు సేకరించినప్పుడూ అవే. కూతురికి వాటా ఇస్తే అన్నదమ్ముల ఆదరణ పోతుంది, కాబట్టి అది ఆడపిల్లకే చేటు. పల్లెల్లో ఆడవాళ్లు ఈ హక్కు అడగలేదు, చదువుకున్న నాలుగు పట్నాల ఆడవాళ్ల గోల ఇది, కాబట్టి వృథా. భూములు ముక్కలవుతాయి, ఉమ్మడి కుటుంబం కూలిపోతుంది, వితంతువులకూ అనాథలకూ ఉన్న ఆ ఒక్క నీడా పోతుంది, కాబట్టి ప్రమాదం. దుర్గాబాయి వంటివాళ్లు సభలో నిలబడి బిల్లును సమర్థించారు. బిల్లు ముందుకు కదలక 1951 సెప్టెంబరులో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. చివరికి 1955, 56లలో ఆ బిల్లు నాలుగు చట్టాలుగా విడివిడిగా వచ్చింది. వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా ఇచ్చింది గానీ, పుట్టుకతో హక్కు వచ్చే ఉమ్మడి ఆస్తిని మాత్రం మగపిల్లలకే వదిలేసింది.

ఈ వాదనల్లో నన్ను మొదట ఆపిన విషయం, అవి ఒకదానితో ఒకటి పొసగవన్నది. చట్టం వల్ల ఏమీ మారదన్నది నిజమైతే అదే చట్టం ఉమ్మడి కుటుంబాన్ని ఎట్లా కూల్చగలదు? హర్ష్‌మన్ కూడా ఈ పొసగనితనాన్ని ఎత్తిచూపాడు. కానీ సభల్లోనూ, మా హాల్లోనూ రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి, ఎవరికీ తేడా తెలియలేదు. ఎందుకంటే వినేవాళ్లు వాదనని తర్కంగా వినరు, ఒక భయంగా వింటారు. భయాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, కలిసి పెరుగుతాయి.

రెండో విషయం ఇంకా ముఖ్యమైంది. మితాక్షర పద్ధతిలో ఉమ్మడి ఆస్తిని పంచమని ఏ మగ దాయాది అయినా ఎప్పుడైనా అడగొచ్చు. అంటే ఉమ్మడి కుటుంబాన్ని విడగొట్టే అధికారం కొడుకులకు మొదటినుంచీ ఉంది. మా అమ్మ పుట్టింట్లో 1998లో అదే జరిగింది. తాతయ్య, ఇద్దరు మామయ్యలు రిజిస్టరు దస్తావేజుతో పొలం మూడు భాగాలు చేసుకున్నారు. పెరట్లో గోడ లేచింది. దాన్ని ఎవరూ కుటుంబం ముక్కలవడం అనలేదు, 'వేరుపడ్డారు' అన్నారు. కొడుకు అడిగితే పంపకం, కూతురు అడిగితే విచ్ఛిన్నం. పని ఒకటే, పేరే వేరు. పెడవాదాల్లో సగం పేర్లు పెట్టడంలోనే ఉంటాయి. మామయ్యకి నేను చెప్పాల్సిన మొదటి జవాబు ఇది. ఇల్లు ముక్కలవుతుందని అంటున్నారు కదా, మీరు గోడ కట్టినప్పుడు ఈ వాదన ఎక్కడుంది?

మాటల సంగతి వచ్చింది కాబట్టి మనందరం విన్న ఒక శ్లేష. 'ఆడపిల్ల అంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు.' పెళ్లిళ్లలో దీన్ని వేదాంతంలా చెప్తారు, అందరూ తలలూపుతారు. ఇది పదాల పోలిక మీద కట్టిన చమత్కారం. కానీ ఏళ్ల తరబడి ఇది వాదన చేసే పని చేస్తోంది. భాషే ఒప్పుకుంది కదా, ఇంక నువ్వెవరు కాదనడానికి, అన్నట్టు. సాహిత్య విద్యార్థులుగా మనం శ్లేషని అలంకారంగా చదువుకున్నాం. అది దస్తావేజు మీద సంతకం పెట్టించగలదని కూడా పాఠంగా చెప్పుకోవాలి.

ఇంతవరకూ అవతలివాళ్ల లెక్క. ఇక మన లెక్క. హర్ష్‌మన్ పుస్తకంలో నాకు ఎక్కువ నచ్చిన భాగం ఇక్కడుంది. ఆయన చివరకొచ్చేసరికి అద్దాన్ని అభ్యుదయవాదుల వైపు తిప్పుతాడు. ఇప్పుడే ఇది చెయ్యకపోతే సర్వనాశనం అనడం, మంచి పనులన్నీ ఒకదానికొకటి వాటంతటవే తోడవుతాయనుకోవడం, చరిత్ర మన పక్షానే ఉందని ధీమాగా ఉండడం, ఇవీ అలాంటి పడికట్టు వాదనలే అంటాడు.

ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన వారసత్వ సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినది, దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ముందు కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుక హక్కు ఇచ్చింది. గొప్ప చట్టం. దాని పీఠికలో రెండు కారణాలున్నాయి. స్త్రీ అయినందువల్లే హక్కు లేకపోవడం రాజ్యాంగ విరుద్ధం అన్నది ఒకటి. కట్నం అనే దురాచారాన్ని నిర్మూలించాలి అన్నది ఇంకొకటి. వేదికలమీద మనం రెండోదాన్నే ఎక్కువ చెప్పాం, అది జనానికి ఎక్కుతుందని. వాటా ఇస్తే కట్నం పోతుందన్నాం. కట్నం పోలేదు. కట్నమే వాటా అయిపోయింది, దానికి రసీదుగా విడుదల పత్రం వచ్చింది. అప్పుడు "చూశారా, మీ చట్టం వల్ల ఏమైంది?" అని మామయ్య లాంటివాళ్లు అడిగితే మన దగ్గర మాటల్లేవు. హక్కుని దాని ఫలితంతో సమర్థించాం, ఫలితం రాకపోయేసరికి హక్కే తప్పయినట్టు కనబడింది. కొడుకు వాటా తీసుకుని తాగేసినా అతని హక్కు తప్పని ఎవరూ అనరు. కూతురి హక్కుకి మాత్రం సమాజాన్ని బాగుచెయ్యాలన్న షరతు పెట్టాం. పెట్టింది మనమే.

ఇంకో ఉదాహరణ. మహిళా రిజర్వేషన్ బిల్లు 1996లో మొదటిసారి పార్లమెంటుకి వచ్చింది. మరుసటి ఏడాది శరద్ యాదవ్ దాన్ని వ్యతిరేకిస్తూ జుట్టు కత్తిరించుకున్న ఆడవాళ్ల గురించి వెటకారం చేశారు. మనకి కోపం వచ్చింది, రావాల్సిందే. అది వాదన కాదు, మనిషిమీద దాడి. కానీ ఆ వెటకారం వెనక ఒక ప్రశ్న ఉంది. వెనకబడిన కులాల స్త్రీలకి ఇందులో వాటా ఎంత? మనలో చాలామందిమి వెటకారానికి జవాబు చెప్పి ప్రశ్నని వదిలేశాం. ఆ ప్రశ్న వేసింది మగవాళ్లు కాబట్టి, వాళ్ల ఉద్దేశం మంచిది కాదు కాబట్టి, అది తప్పు ప్రశ్న అనుకున్నాం. దళిత, బహుజన స్త్రీలు ఆ ప్రశ్నే వేసినప్పుడు కూడా, ముందు బిల్లు రానివ్వండి అన్నాం. 2010లో రాజ్యసభ దాటి, 2023లో చట్టమైనప్పుడు ఎస్సీ, ఎస్టీ స్థానాల్లో ఆ స్త్రీలకి మూడోవంతు ఉంది గానీ, వెనకబడిన కులాల స్త్రీలకి వేరే వాటా లేదు. ప్రశ్న వేసినవాడిని బట్టి ప్రశ్నని తోసెయ్యడం కూడా పెడవాదమే. నేను మామయ్యని ఫ్యూడల్ అన్నది ఇదే కోవలోకి వస్తుంది.

మరి ఆయన ప్రశ్నలో నిజం ఎంత? సంప్రదాయవాదులు, 1790లో ఫ్రెంచి విప్లవం మీద రాసిన ఎడ్మండ్ బర్క్ దగ్గర్నుంచీ, ఒక మాట చెప్తూ వస్తున్నారు. పాత కట్టుబాట్లలో తరాల అనుభవం దాగుంటుంది, కొత్త సిద్ధాంతం చూసి వాటిని తేలిగ్గా తీసిపారెయ్యొద్దు అని. దీన్ని నేను పూర్తిగా కొట్టెయ్యను. పుట్టిల్లు మన స్త్రీలకి నిజంగానే ఒక బీమా. భర్త కొట్టినప్పుడు, పురుడొచ్చినప్పుడు, చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు వెళ్లే చోటు. అన్నదమ్ముల దయ ఆ బీమాకి కట్టే ప్రీమియం, వాటా వదులుకోవడం అందులో ఒక కిస్తీ. మా అమ్మ లాంటివాళ్లు హక్కుల గురించి నోరెత్తకపోవడం అమాయకత్వం కాదు, లెక్క వేసుకుని తీసుకున్న నిర్ణయం. మనం దాన్ని పితృస్వామ్య భావజాలం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ లెక్కని అవమానించినట్టే.

అయితే అనుభవం నిజమైనంత మాత్రాన దాన్నుంచి తీసిన ముగింపు నిజం కానక్కర్లేదు. 'ఆడపిల్ల అన్నదమ్ముల దయ మీద బతకాల్సి వస్తోంది' అన్నది అనుభవం. 'కాబట్టి ఆ దయ చెడకుండా చూసుకోవాలి' అన్నది మామయ్య తీసిన ముగింపు. 'కాబట్టి దయ అక్కర్లేని ఏర్పాటు చెయ్యాలి' అని కూడా అదే అనుభవం నుంచి తియ్యొచ్చు. తన పేరుమీద ఎకరం ఉన్న మనిషికి తలదాచుకునే ఇల్లు ఒకరు ఇవ్వక్కర్లేదు. ఇక, వాటా అడిగితే ప్రేమ పోతుందంటారు. కాగితం మీద సంతకంతో నిలిచే ప్రేమని, సంతకం పెట్టకపోతే పోయే ప్రేమని ఏ పేరుతో పిలవాలో ఆ మాట అనేవాళ్లే చెప్పాలి.

మా అమ్మ పెళ్లి 1984లో అయింది. చట్టం 1985 సెప్టెంబరుకి ముందే పెళ్లయిన కూతుళ్లని పక్కన పెట్టింది. ఒక్క ఏడాది తేడా. 2005లో కేంద్ర చట్టం ఆ గీత చెరిపేసింది, కానీ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన రిజిస్టరు పంపకాల జోలికి పోనంది. 1998 దస్తావేజు అట్లాగే ఉండిపోయింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదే అని వినీతా శర్మ కేసులో తేల్చి చెప్పింది. ఆ వార్త నేను ఫోన్లో చదివి వినిపిస్తే అమ్మ "మంచిదే" అంది, అంతే. ప్రతిసారీ చట్టం ఆమె పక్కనుంచి వెళ్లింది. మామయ్య కూతురి విషయం అట్లా కాదు. మామయ్య వాటాలో ఆమెకి తమ్ముడితో సమానంగా హక్కు ఉంది. దాన్ని ఆపగలిగింది ఆమె సంతకం ఒక్కటే.

పెళ్లికి వారం ముందు మళ్లీ వెళ్లాను. ఈసారి మామయ్య పక్కన కూచుని ఆయన మూడు ప్రశ్నలకీ ఒక్కొక్కదానికే జవాబు చెప్పాను. ఊళ్లో ఎవరూ తీసుకోలేదన్నది, తీసుకోనివ్వని కాగితాలు మనమే రాయిస్తున్నందువల్ల కదా అన్నాను. పెరట్లో గోడ చూపించాను. మూడోదానికి, "ఆ కష్టమొచ్చే రోజు దానికి మీ దయ కావాలా, దాని పొలం కావాలా, మీరే చెప్పండి మామయ్యా" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కానీ జవాబూ చెప్పలేదు. చాలాసేపటికి "ఆలోచిద్దాంలే" అన్నారు. మరదలు ఆ కాగితాలు తన బీరువాలో పెట్టుకుంది. ఈ వ్యాసం రాసేనాటికి సంతకం పడలేదు.

దీన్ని విజయం అనను. మన పక్షం న్యాయమైనదని మనకి తెలుసు కాబట్టి వాదన ఎట్లా ఉన్నా ఫర్వాలేదనుకోవడం ఒక విలాసం. తీర్మానాలు రాసే మనకి అది చెల్లుతుందేమో. దస్తావేజు ముందు పెన్ను పట్టుకుని కూచున్న అమ్మాయికి చెల్లదు. ఆమెకి మన నుంచి నినాదం కాదు, ఇంట్లోవాళ్ల ముందు తిరిగి చెప్పగలిగే ఒక జవాబు కావాలి.

అమ్మ ఆ రోజు నా వాదనంతా గుమ్మంలో నిలబడి విన్నది. తిరిగి వస్తూ బస్సులో అడిగింది. "ఇవన్నీ 84లో ఎవరైనా మా నాన్నతో అని ఉంటే?" దానికి మాత్రం నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.