తెలుగు రంగశాల: పాతసామగ్రి వినియోగము

నాటకశాల యనగానే సిమెంటు స్తంభములు, ఎత్తయిన గోడలు తలపునకు వచ్చును. తెలుగు రంగస్థల చరిత్ర ఈ తలపును సమర్థింపదు. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున ‘కీచకవధ’ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సంప్రదాయము ఊరూర డేరా నాటి, ఆటలు ముగిసిన పిమ్మట విప్పి, అవే తెరలను, అదే కొయ్యసామగ్రిని వేరొక యూర నిలుపుచు బ్రతికినది. తంజావూరు సీమలోని మేలట్టూరున తెలుగు భాగవతమేళ నాటకములు నేటికిని నరసింహజయంతి దినములలో వరదరాజపెరుమాళ్ కోవెల యెదుట జరుగుచున్నవి. ఈ రెండింటికిని స్థిరత్వ మొసగినవి గోడలు కావు.

అయినను పందిరిమీది మమకారము విమర్శకు లోబడవలెను. 2004 జూలై 16న కుంభకోణములోని ఒక పాఠశాలలో పూరికప్పు అంటుకొని 94 మంది బిడ్డలు మరణించిరి. జనము గుమిగూడు చోట పూరికప్పు తగదు.

వస్తువు తిరిగి పనికివచ్చుట దాని కూర్పును బట్టి యుండును. సున్నముతో కట్టిన గోడను విప్పిన ఇటుక చేతికి వచ్చును. సిమెంటు పట్టిన ఇటుక తరచుగా విరిగిపోవును. లారీ బేకరు శ్లాబులో పాతపెంకుల నింపి కాంక్రీటు వాడుక తగ్గించెను. 1996లో చెన్నై చెంత ముట్టుకాడున ప్రారంభమైన దక్షిణచిత్రలో పాతయిండ్లు విప్పి తెచ్చి మరల నిలుపబడినవి.

రాజపాళయము చెంతనున్న మంసాపురమున రంగశాల కట్టదలచినచో ఈ పాఠములు ఉపకరించును. పాత పెంకుటింటి దూలము పొట్టిది. దానికై నడుమ స్తంభము నిలిపినచో నటుడు కనబడడు. కావున అట్టి కొయ్య ప్రక్కవసారాలకే తగును. రంగముపై కప్పునకు పాత కట్టడముల ఇనుపదూలములను బలము పరీక్షించి వాడవలెను. నూలుమిల్లుల వ్యర్థపుదూది ప్రతిధ్వనిని తగ్గించును. అగ్నినిరోధక సంస్కారము లేనిదే దానిని వాడరాదు.

2006 నాటి చట్టముచే తమిళనాట బడులలో తమిళము తప్పనిసరియైనది. ఇంట తెలుగు పలుకుచు, తెలుగు చదువనేరని బిడ్డకు రంగస్థలమే పుస్తకము. చివరి వరుసలోని ఆ బిడ్డకు మాట స్పష్టముగ వినబడనిచో, ఎంత పాతకొయ్య పొదుపుగ వాడినను ఆ కట్టడము విఫలమే.