నదీవర్ణనము - పడవవాని తిథి

మా తిరువూరు మెట్టసీమ. ఇచ్చటి బాలురలో పెక్కుమందికి నదియన్న పాఠ్యపుస్తకములోని నదియే. "నౌకావిహారము"ను గూర్చి వ్యాసము వ్రాయుడని చెప్పినచో ప్రతి కాగితమునందును వెన్నెలయు, పిల్లగాలియు, పక్షుల కలకలమును నిండియుండును. పడవ నడపువాడు మాత్ర మొక్కదానియందును గానరాడు. దోషము బాలురది గాదు. మనము వారిచే చదివించుచున్న వర్ణనములే యట్టివి.

నిరుడు శీతకాలమున నొకనాడు యానాం రేవున తెరచాపనావ యెక్కి కోరంగివైపు పోయితిని. తెల్లవారకమునుపే కదలవలెనని నేను పట్టుబట్టగా నావవాడు నవ్వి, "ఇయ్యాళ తిథేటండీ పంతులుగారూ?" అని యడిగెను. సంస్కృతము చదివిన నేను చెప్పలేకపోయితిని. "అష్టమండీ. నీరు మందం. పోటు తిరిగేదాకా ఆగాల" అని యతడే చెప్పెను.

సముద్రపు పోటుపాటులు గౌతమిలో దినమునకు రెండేసిమార్లు వచ్చును. నేటి పోటుకంటె రేపటి పోటు ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యము. అమావాస్యాపూర్ణిమల చేరువ నీరు మిక్కిలి పొంగును, అష్టములనాడు తగ్గును. తిథి నాకు తద్దినములకు మాత్రమే పనికివచ్చినది, అతనికి జీవనోపాధియైనది.

ఆ దినమున మేము రెండుచోట్ల దిగితిమి. మొదట నీరు తీసినందున మడచెట్ల యొడ్డున నావ నిలిచినది. బురదనుండి వేలకొలది ఊపిరివేళ్లు నిక్కియుండెను. మోకాలిలోతు బురదలో నిద్దరు స్త్రీలు పీతలు పట్టుచుండిరి. పిదప కోరంగిలో దిగితిమి. ఒకప్పుడు ఓడలు గట్టిన యా రేవును 1789, 1839 సంవత్సరముల తుపానులు పాడుచేసినవి. ఈ రెండు మజిలీలును లేనియెడల నా ప్రయాణమున వ్రాయదగిన దేమియు లేదు.

ఇంటికి వచ్చి ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను మరల జదివితిని. 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరులో మరల చేరిన యాయన, గంగలో పడవపయనమును సయితము చేసెను. 1838లో అచ్చయిన యా గ్రంథమును పొడివచనమని కొందరందురు. మజిలీకి దూరమెంత, బస యెట్టిది, నీరు మంచిదా, అంగళ్లు గలవా యని యాయన వ్రాయుచుపోవును గదా! కాని వెనుకవచ్చువాడు దానిని జేతబట్టి నడువవచ్చును. మన సొగసైన నదీవర్ణనములలో నెన్నింటిని నమ్మి యొక యామము పడవ నడుపగలము? సౌందర్యము వలదని నా వాదము గాదు. నీరెప్పుడు తిరుగునో యెరుగని సౌందర్యము నదిది గాదు, అది నిఘంటువుది.

ఈ యేడు ప్రశ్న మార్చితిని: "మీ ప్రయాణమును నడిపిన దెవరు? ఎచ్చట నాగితిరి? ఏల యాగితిరి?" ఒక బాలుడు నదిమాట విడిచి, తన తండ్రి రాత్రియెల్ల మామిడికాయల లారీ నడపుటను వ్రాసెను. అందు వెన్నెల లేదు. నిద్ర యాపుకొనుటకై తండ్రి మొగము గడుగుకొనిన బోరింగు కలదు. ఎక్కువ మార్కులు వానికే వేసితిని.