దారంతో కుట్టిన ఆస్పత్రి బొమ్మ

జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ 1512–16 మధ్య ఈసెన్‌హైమ్ మఠం కోసం గీసిన క్రీస్తుకు ఒళ్ళంతా పుళ్ళే. ఆ మఠంలో ఆస్పత్రి ఉండేది. బూజు పట్టిన రై గింజల రొట్టె తిని, ఒళ్ళు మంటలెత్తి, కాళ్ళూ చేతులూ కుళ్ళిపోయినవాళ్ళు అక్కడ చేరేవారు. తమ పుళ్ళనే దేవుడి ఒంటిమీద చూసుకునేవారు. ఆ బొమ్మ ఎవరికోసం గీసిందో దాదాపు ఐదొందల ఏళ్ళ తర్వాత దక్షిణాఫ్రికాలో ఒక డాక్టరు బాగా పట్టుకున్నారు.

ఆమె పేరు క్యారల్ హాఫ్‌మైర్. వైద్యంతో పాటు చిత్రకళా చదువుకున్న మనిషి. ఈస్టర్న్ కేప్‌లో కైస్కామా నది సముద్రంలో కలిసేచోట హ్యాంబర్గ్ అనే పల్లె ఉంది. 2000లో అక్కడికి వచ్చి, ఆడవాళ్ళకు నాలుగు డబ్బులు వస్తాయని ఎంబ్రాయిడరీ పని మొదలుపెట్టించారు. తీరా చూస్తే కుట్టేవాళ్ళ ఇళ్ళల్లోనే ఎయిడ్స్ చావులు. ఎయిడ్స్‌కు కారణం హెచ్ఐవీయేనా అని దేశాధ్యక్షుడు ఎంబెకీ అనుమానపడుతున్న రోజులవి. దేశమంతటా సర్కారీ ఆస్పత్రుల్లో హెచ్ఐవీని అదుపుచేసే ఏఆర్‌టీ మందుల పంపిణీ 2004లో గానీ మొదలవలేదు. ఆ మరుసటేడు దాదాపు 130 మంది కలిసి ఈసెన్‌హైమ్ బొమ్మ నమూనాలోనే, చర్చి బలిపీఠం వెనక నిలిపే బొమ్మగా, దారంతో ‘కైస్కామా ఆల్టర్‌పీస్’ పూర్తిచేశారు.

ఎత్తు సుమారు 4 మీటర్లు, వెడల్పు దాదాపు 7. ఈసెన్‌హైమ్ బొమ్మలాగే దీనికీ రెక్కలున్నాయి. దేవుడి మందిరం తలుపుల్లా తెరిచేకొద్దీ లోపల ఇంకో దృశ్యం.

మూసి ఉన్నప్పుడు ముందు కనిపించేది చూడండి. సిలువ మీది దేహం ఉండాల్సిన చోట ఒక ఖోసా జాతి వితంతువు, ఆమె దగ్గర తల్లీతండ్రీ లేని పిల్లలు. పక్క పలకల్లో సాధువులకు బదులు ఆ ఊరి పెద్దావిడలు. వాళ్ళలో ఒకామె కొడుకు ఎయిడ్స్‌తో పోయాడు. అడుగు పట్టీలో కుట్టింది అతని అంత్యక్రియలే. గ్రూనెవాల్డ్ రోగిని నట్టనడుమ పెడితే, వీళ్ళు నడుమలోంచి తీసేశారు. అప్పట్లో ఎయిడ్స్ ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్ళను ఎత్తుకుపోయేది. మిగిలేది అవ్వలూ మనవలూ. వైద్య గణాంకాల్లో కనిపించే ఆ గండే ఇక్కడ బొమ్మ కూర్పు అయింది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

ఇక చేతిపని. రంగు పూతలో వెలుగు నీడలోకి కరిగిపోతుంది. దారం అలా కరగదు. ఒక చెంప మీద నీడ పడాలంటే ముదురు, నడిమి, లేత దారాలు విడివిడిగా ఎంచి, ఒకదాని సందులోకి ఇంకొకటి జొరబడేలా కుట్టాలి. దూరానికి అది చర్మం, దగ్గరికి వస్తే కుట్ల వరస. పైగా ఒక్క చెయ్యి కాదు. ఒకరి కుట్టు బిగువు, ఇంకొకరిది వదులు. అందరి పనినీ ఒకే అచ్చులో పోసి చదును చేయాలనే పట్టుదల ఇందులో లేదు. అదే మంచిదైంది.

రెక్కలు విప్పితే రంగులు ఒక్కసారిగా విరబూస్తాయి: చేపలు, పక్షులు, పశువులు, వాటి నడుమ ఎర్ర గౌను తొడుక్కుని ఇసుకతిన్నెల మీద పరుగులు పెట్టే ఆ ఊరి పెద్దాయన. ఇసుకలో ఆయన కాళ్ళు గీసే గీతలు ఆయన ప్రార్థన. ఈసెన్‌హైమ్ బొమ్మలోని క్రీస్తు పునరుత్థానానికి పోలిక వెతుక్కుంటూ ఎక్కడికో పోకుండా, రోజూ చూసే మనిషినే కుట్టుకున్నారు.

చివరి పొరలో కుట్టు పక్కకు తప్పుకుంటుంది. ఈసెన్‌హైమ్‌లో అక్కడ చెక్క శిల్పాలుంటాయి. శిల్పంలోని నిండుదనం గుడ్డకు రాదు గనుక టాన్యా జోర్డాన్ తీసిన నిలువెత్తు ఫొటోలు పెట్టారు: ముగ్గురు నాయనమ్మలు, అమ్మమ్మలు, పక్కన మనవలు. రెండు పొరల కుట్టు దాటొచ్చిన కంటికి ఆ ముఖాలు ఉన్నట్టుండి ఎదురుపడతాయి. తమ పనితనం ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు చేసిన పని అది.

2006లో టొరంటోలో అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు జరిగినప్పుడు దీన్ని అక్కడి సెయింట్ జేమ్స్ కథీడ్రల్‌లో నిలబెట్టారు. యూరప్ చట్రం అరువు తెచ్చుకోవడమెందుకని ఎవరైనా అడగొచ్చు. చట్రం ఆస్పత్రిది, అవసరమూ ఆస్పత్రిదే కాబట్టి నాకది అరువులా అనిపించదు. 2010లో ఇదే బృందం పికాసో ‘గెర్నికా’ను తమ ఊరి చావుల కథగా, ఈసారి పాత దుప్పట్లతో మళ్ళీ కుట్టింది. అందులో మొదటిదానిలోని రంగుల సందడి లేదు. మందులొచ్చాక కూడా చావులు ఆగలేదన్న కోపం ఉంది. పనితనంలో నా ఓటు మొదటిదానికే, నిజాయితీలో మాత్రం రెండోదానికి.